తప్పంతా ఐరన్ మాత్రలదేనా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. నెలసరి ఆగి నాలుగేళ్లయింది. ఇన్నేళ్లూ పొద్దున లేవగానే మోషన్ అయిపోయేది, దాని గురించి ఆలోచించాల్సిన పనే ఉండేది కాదు. రెండు నెలల నుంచి మాత్రం రెండు మూడు రోజులకోసారి, అదీ గట్టి ఉండల్లా వస్తోంది. మధ్యలో ఒక్కోరోజు ఉన్నట్టుండి నీళ్లలా అవుతోంది. నీరసంగా ఉంటోందని నెల కిందట రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాశారు. అప్పటి నుంచి మలం నల్లగా ఉంటోంది. రెండుసార్లు ఎర్రటి చార కూడా కనిపించింది. ఐరన్ మాత్రలకి అంతే, ఆ రక్తం మొలలదేలే అంటోంది మా చెల్లెలు. డాక్టరుకి ఇవన్నీ చెప్పాలంటే సిగ్గు. రోజూ రాత్రి విరేచనాల మాత్ర వేసుకుని సరిపెట్టుకోవచ్చా?

జవాబు: వద్దండీ. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి తేదీలు చూసుకుంటూ చదివాను. మోషన్‌లో తేడా వచ్చింది రెండు నెలల కిందట, మాత్రలు మొదలైంది నెల కిందట. ముందొచ్చిన తేడాకి వెనకొచ్చిన మాత్రలు కారణం ఎలా అవుతాయి? ఐరన్ మలాన్ని గట్టిపరుస్తుంది, నల్లగానూ చేస్తుంది, అది నిజమే, అందుకే అందరూ నేరం దాని మీదకి తోసేస్తారు. మీ విషయంలో అది ఉన్న ఇబ్బందిని పెంచి ఉండొచ్చు, అంతే.

అసలు ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటుంది: మీకు రక్తం ఎందుకు తగ్గింది? నెలసరి ఉన్నన్నాళ్లూ ఐరన్ పోయే దారి కళ్లకి కనిపిస్తూనే ఉంటుంది. అది ఆగిపోయిన నాలుగేళ్ల తర్వాత ఐరన్ లోపం వస్తే, డాక్టర్ల చూపు ముందుగా జీర్ణాశయం, పేగుల మీదకే వెళ్తుంది. కంటికి కనపడకుండా చుక్క చుక్కగా నెలల తరబడి కారినా చాలు, నిల్వలు ఖాళీ అవుతాయి. హిమోగ్లోబిన్ తగ్గడానికి వేరే కారణాలూ ఉన్నాయి కాబట్టి మీది ఐరన్ లోపమేనా అన్నది ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చూపే ఫెరిటిన్ అనే రక్తపరీక్షతో ముందు తేల్చుకోవాలి.

ఇక మొలలు. అవే కావచ్చు, కాదనను. మొలల రక్తం సాధారణంగా తాజా ఎరుపులో, మలం పైన చారగానో కడుక్కునేటప్పుడో కనిపిస్తుంది. కానీ మొలలున్న మనిషికి పేగులో ఇంకేమీ ఉండకూడదని రూలేం లేదు కదా. చూడకుండా మొలలని చెప్పడం డాక్టరుకే సాధ్యం కాదు, మీ చెల్లెలికి ఎలా సాధ్యం?

నలుపు సంగతి కూడా చెప్పాలి. ఐరన్ వల్ల వచ్చే నలుపులో కాస్త ముదురాకుపచ్చ ఛాయ ఉంటుంది, మలం మామూలు ఆకారంలోనే ఉంటుంది. పై భాగంలో, అంటే జీర్ణాశయంలోనో చిన్నపేగు మొదట్లోనో రక్తం కారితే మలం తారులా నిగనిగలాడుతూ, జిగటగా, భరించలేని వాసనతో వస్తుంది. అలా కనిపించినా, కళ్లు తిరిగినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. కడుపు బాగా ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకుండా ఆగిపోయినా అంతే, అప్పుడు విరేచనాల మాత్ర జోలికి అసలు పోవద్దు.

మధ్యలో నీళ్లలా అవుతోందన్నారు, దాన్ని చూసి మలబద్ధకం తగ్గిందనుకోకండి. గట్టిపడిన మలం అడ్డంగా కూర్చుంటే వెనకున్న పల్చటిది పక్కనుంచి జారుతుంది. అప్పుడు విరేచనాలు కట్టే మందు వేసుకున్నారంటే ఇంకా బిగుసుకుపోతుంది.

సిగ్గు దగ్గరికొద్దాం, దానికో ఉపాయం ఉంది. బ్రిస్టల్ చార్ట్ అని మలాన్ని ఏడు రకాలుగా బొమ్మలేసి చూపించే పట్టిక ఒకటుంది, 1997 నుంచి డాక్టర్లు వాడుతున్నారు. ఒకటి అంటే గట్టి ఉండలు, ఏడు అంటే నీళ్లు, మూడు నాలుగు అయితే హాయి. మీరు లోపలికెళ్లి ‘రెండు నెలలుగా ఒకటో రకం, మధ్యమధ్య ఏడో రకం, రెండుసార్లు రక్తం, హిమోగ్లోబిన్ తక్కువ’ అని చీటీ మీద రాసి ఇచ్చేయండి. రోజంతా ఇవే వినే మనిషికి ఇందులో వింతేముంటుంది? థైరాయిడ్ పరీక్ష చేయించారా అని కూడా అడగండి, అది మందగించినా మలబద్ధకం వస్తుంది. ఇంట్లో దగ్గరివాళ్లకి పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి.

మీకు కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని మలద్వారం గుండా పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేద్దామంటారనే నా అంచనా. భయపడకండి, అందులో క్యాన్సర్ కాని కారణాలే ఎక్కువ బయటపడతాయి. పాలిప్, అంటే పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న బుడిపె లాంటిది కనిపిస్తే చాలాసార్లు అక్కడికక్కడే తీసేస్తారు కూడా. నిజం చెప్పాలంటే పరీక్ష కంటే దాని ముందురోజు పేగు శుభ్రం కావడానికి తాగే మందే విసుగు. కొన్ని రోజుల ముందు ఐరన్ ఆపమంటారు, అప్పటిదాకా మీ అంతట మీరు ఆపొద్దు.

పీచు, నీళ్లు, నడక అన్నీ మంచివే, కానీ మీకు ఇప్పుడు పరీక్ష ముందు, పీచు తర్వాత. ఒకేసారి పీచు పెంచితే ఉబ్బరం తప్ప ఏమీ మిగలదు. అంతదాకా తిన్న అరగంటలోపు టాయిలెట్‌కి వెళ్లండి, తిండి పడగానే పెద్దపేగు కదలడం మొదలవుతుంది. కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకుంటే ముక్కాల్సిన అవసరం తగ్గుతుంది.

ప్రశ్న: వయసు 29. రోజుకి రెండు మూడుసార్లు వెళ్తాను, మీటింగ్ ఉందంటే నాలుగోసారి కూడా. బరువు తగ్గలేదు, రక్తం లేదు. జబ్బేనా?

జవాబు: చిన్నప్పటి నుంచీ ఇలాగే అయితే మీ పేగు తీరే అది. వారానికి మూడుసార్ల నుంచి రోజుకి మూడుసార్ల దాకా మామూలు లెక్కలోకే వస్తుంది. నాలుగోది టెన్షన్‌ది, మెదడుకీ పేగుకీ మధ్య నరాల లైన్ ఎప్పుడూ కలిసే ఉంటుంది. కాఫీ, పాలు, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ ఎంత తీసుకుంటున్నారో రెండు వారాలు రాసి చూడండి. వారంలో ఒక రోజైనా కడుపునొప్పి కూడా ఉంటోందంటే ఐబీఎస్ (పేగులో పైకి కనిపించే జబ్బేమీ లేకుండానే నొప్పి, మోషన్‌లో తేడాలు వచ్చే సమస్య) కావచ్చు, డాక్టరుకి చూపించండి. మోషన్ కోసం అర్ధరాత్రి నిద్రలోంచి లేవాల్సి వస్తోందంటే మాత్రం అది టెన్షన్ పని కాదు, ఈ వారమే వెళ్లండి.