పాత కంప్యూటర్ ఇచ్చేసే ముందు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. అనువాదాల మీద వచ్చిన డబ్బుతో నువ్వు కొత్త కంప్యూటర్ కొనుక్కున్నావని చెబుతుంటే దాని గొంతు ఆగలేదు. నాకూ అంతే సంతోషంగా ఉంది. పెద్దమ్మ పనే నేనూ చేస్తానని నువ్వు అన్నరోజు కన్నా, ఆ పనితో నీ పనిముట్టు నువ్వే కొనుక్కున్నావని విన్న నిన్నటి రోజే నాకు గొప్పగా అనిపించింది.

కానీ చివర్లో ఇంకో మాట చెప్పింది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కదా, ఇక ఆ పాతది ఎందుకని ఆదివారం దాన్ని ఫార్మాట్ చేసి ఎవరికో ఇచ్చేస్తున్నావట. అది విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. చివరిదాకా చదువు.

ముందు ఒకటే మాట. ఈ ఆదివారం ఆ కంప్యూటర్‌ను ఫార్మాట్ చెయ్యకు. ఎవరికి మాట ఇచ్చావో వాళ్ళకు కొంచెం ఆగమని చెప్పు.

ఎందుకంటే, నువ్వు అందులో వాడుతున్న పాత సాఫ్ట్‌వేర్లు డబ్బు పెట్టి కొన్నవే అయినా, నీ చేతికి వచ్చింది ఒకటో రెండో కంప్యూటర్లలో వాడుకోవడానికి అనుమతి మాత్రమే. ఇప్పుడా అనుమతి పాత కంప్యూటర్ పేరున ఉంది. యాక్టివేట్ చేసిన రోజున సాఫ్ట్‌వేర్ ఆ కంప్యూటర్ హార్డ్ డిస్క్, మదర్‌బోర్డు, నెట్‌వర్క్ కార్డు లాంటివాటి గుర్తులు తీసుకుని ఒక నంబర్ తయారుచేసి కంపెనీ సర్వర్‌కు పంపుతుంది. అక్కడ నీ లెక్కలో ఒక కంప్యూటర్ రాసుకుంటారు. కొత్త కంప్యూటర్ గుర్తులు వేరు కాబట్టి సర్వర్ కంటికి అది రెండో మనిషిదే. పాతదాన్ని లెక్కలోంచి తీసెయ్యమని చెప్పేదే డీయాక్టివేషన్. ఫార్మాట్ చేస్తే డిస్క్ ఖాళీ అవుతుందేగానీ సర్వర్‌కు ఆ కబురు వెళ్ళదు. పైగా ఆ కబురు పంపగలిగిన సాఫ్ట్‌వేర్‌ను కూడా నువ్వే చెరిపేసినట్టు అవుతుంది.

ఇది నాకు 2011లో తెలిసింది. అప్పటికి తొమ్మిదేళ్లుగా ఒకే అనువాద సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ఏ కంపెనీదో ఇప్పుడు అనవసరం. ఒక్క కంప్యూటర్‌కే లైసెన్స్. అందులో నా పదకోశం ఉండేది, ఆరువేలకు పైగా మాటలు. ఒక్కో మాటకు ఏ సందర్భంలో ఏది వాడాలో, ఎవరు ఏది ఒప్పుకోలేదో పక్కన రాసుకున్నాను. "కన్సిడరేషన్" అంటే మామూలుగా పరిశీలన. ఒప్పంద పత్రంలో అయితే ప్రతిఫలం. అది తెలియక మొదట్లో ఒక పత్రం మొత్తం తప్పు చేసి, రాత్రంతా కూర్చుని దిద్దాను. అలాంటి రాత్రుల లోంచి వచ్చిన మాటలే అవన్నీ.

కొత్త కంప్యూటర్ కొన్నాను. నేను జాగ్రత్త తెలియని మనిషిని కాదు చిన్నీ. ఫైళ్ళన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాను, రెండుసార్లు లెక్క చూసుకున్నాను. ఆ తర్వాతే పాతదాన్ని ఫార్మాట్ చేసి తెలిసినవాళ్ళ పిల్లలకు ఇచ్చేశాను. ఆ సాయంత్రం సీడీ పెట్టి సాఫ్ట్‌వేర్ ఎక్కించి, సీరియల్ నంబర్ కొట్టాను. ఈ లైసెన్స్ మరో కంప్యూటర్‌లో వాడుకలో ఉంది అని వచ్చింది. నంబర్ తప్పు కొట్టానేమో అనుకుని మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే.

కంపెనీకి మెయిల్ రాస్తే అది చేరకుండా వెనక్కి వచ్చింది. ఆ కంపెనీని అప్పటికే వేరేవాళ్ళు కొనేశారని తర్వాత తెలిసింది. వాళ్ళకు రాశాను. పన్నెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది: ఇది పాత వెర్షన్, అయినా లైసెన్స్ మీదేనని తేలితే చూస్తాం, రిజిస్టర్ చేసిన మెయిల్‌కు లింక్ పంపాం అని. రిజిస్టర్ చేసింది నేను అంతకు రెండేళ్ల ముందు మానేసిన ఆఫీసు మెయిల్‌తో. ఆ అడ్రస్ ఎప్పుడో మూసేశారు. బిల్లు చూపిద్దామంటే అదీ ఆ మెయిల్‌లోనే ఉంది. ఇంకో రెండు ఉత్తరాలు రాశాను. ఆ తర్వాత వాళ్ళ నుంచి జవాబు రాలేదు.

నా పదకోశం ఫైల్ డిస్క్‌లో భద్రంగానే ఉంది. పేరు కనిపిస్తోంది, సైజు కనిపిస్తోంది. తెరవగలిగింది ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కటే. బ్యాకప్ అంటే కాపీ ఉండటం అనుకున్నాను. ఆ కాపీని తెరిచేది కూడా ఉండాలని నాకు తట్టలేదు.

అంతకు ముందు ఏడాది, తప్పులు చూసుకోవడానికని నాలుగువేల మాటల వరకు ప్రింట్ తీసి పెట్టాను. మిగిలింది అదే. రెండువేల మాటలు పోయాయి.

ఆ వేసవి సెలవులు నీకు గుర్తున్నాయా? నీకు ఎనిమిదేళ్లు. మా ఇంటికి వచ్చావు. నువ్వు కాగితాలు పట్టుకుని ఒక్కో మాటా పైకి చదివేదానివి, నేను టైపు చేసేదాన్ని. అయిపోయిన మాట పక్కన ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టడం నీ పని. "ఉన్నవాటినే మళ్ళీ ఎందుకు టైపు చేస్తున్నావు పెద్దమ్మా?" అని అడిగావు. అక్షరాలు పెద్దవి చేయడానికి అని చెప్పాను. అది అబద్ధం. నా తొమ్మిదేళ్ల పని నా చేతులతోనే పోగొట్టుకున్నానని అప్పుడు ఎవరికీ చెప్పుకోలేకపోయాను, మీ అమ్మకు కూడా. ఇదే మొదటిసారి చెప్పడం.

ఇక నువ్వు చేయాల్సింది. పాత కంప్యూటర్ ముందు కూర్చో, నెట్ ఉండాలి. ఒక్కో సాఫ్ట్‌వేర్ తెరిచి హెల్ప్ మెనూలోగానీ, అకౌంట్ అని ఉన్నచోటగానీ డీయాక్టివేట్, లైసెన్స్ బదిలీ లాంటి మాట ఉందేమో చూడు. ఉంటే నొక్కు, అయిందన్న సందేశాన్ని ఫోటో తీసుకో. అలాంటిదేమీ లేకపోతే కంపెనీకి ఇప్పుడే రాయి. సాఫ్ట్‌వేర్ ఇంకా పనిచేస్తున్న కంప్యూటర్ ఎదురుగా పెట్టుకుని అడగడం వేరు, అంతా పోయాక బతిమాలడం వేరు. బిల్లులు, సీరియల్ నంబర్లు, ఇన్‌స్టాల్ చేసే ఫైళ్ళు ఒకచోట పెట్టుకో. లైసెన్స్ ఏ మెయిల్ మీద ఉందో చూడు. కాలేజీ మెయిల్ మీద ఉంటే అది ఇంకా తెరుచుకుంటున్నప్పుడే నీ సొంత మెయిల్‌కు మార్పించుకో.

కంప్యూటర్‌తోపాటు వచ్చిన విండోస్, ఆఫీస్ లైసెన్సులు సాధారణంగా ఆ కంప్యూటర్‌కే కట్టుబడి ఉంటాయి, కొత్తదానికి రావు. విడిగా కొన్నవైతే మార్చుకోవచ్చు. వాటిని యాక్టివేట్ చేసే కీలో 25 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి కదా, వాటిలో ఇంగ్లీషు ఓ, ఐ అక్షరాలుగానీ, సున్నా, ఒకటి అంకెలుగానీ ఉండవు. నువ్వు రాసుకున్న కాగితంలో అవి కనిపిస్తే తప్పు చదివావన్నమాట. బి, 8 మాత్రం రెండూ ఉంటాయి. అరిగిపోయిన స్టిక్కర్ మీద ఆ రెండే ఎక్కువ మోసం చేస్తాయి.

కొత్తదాంట్లో సీరియల్ నంబర్ కొట్టినప్పుడు సర్వర్ దొరకలేదని వస్తే వెంటనే లైసెన్స్ పోయిందని ఏడవకు. ముందు కంప్యూటర్‌లో తేదీ, టైమ్ సరిగా ఉన్నాయో చూడు. అవి తప్పుగా ఉంటే సురక్షిత కనెక్షనే కుదరదు. ఇంకో కారణం, పాత సాఫ్ట్‌వేర్లు టీఎల్‌ఎస్ 1.0 అనే పాత పద్ధతిలో సర్వర్‌తో మాట్లాడతాయి. ఇప్పటి సర్వర్లు చాలావరకు 1.2కు తక్కువైతే పలకవు. అందుకని ఆ వెర్షన్‌కు వచ్చిన చివరి అప్‌డేట్ వేసి, తర్వాత యాక్టివేట్ చేసి చూడు. అప్పటికీ కాకపోతే ఆఫ్‌లైన్ యాక్టివేషన్ ఉందేమో వెతుకు. సాఫ్ట్‌వేర్ ఒక పొడుగాటి నంబర్ ఇస్తుంది, అది వాళ్ళకు పంపితే జవాబుగా ఇంకో నంబర్ ఇస్తారు. ఒక్కో అంకె పైకి చదువుతూ కొట్టు.

సర్వరే మూసేసి ఉంటే? అప్పుడు కూడా అడుగు. అడోబీ వాళ్ళు 2012 డిసెంబర్‌లో సీఎస్2 (ఫోటోషాప్ లాంటివి ఉన్న వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్ల కట్ట) యాక్టివేషన్ సర్వర్ ఆపేసినప్పుడు, యాక్టివేషన్ అవసరం లేని కాపీని, దానికి సీరియల్ నంబర్‌ను, అంతకు ముందు కొన్నవాళ్ళ కోసం ఇచ్చారు. అందరూ అలా ఇవ్వరు, నాకు ఇవ్వలేదు. కానీ అడగనివాళ్ళకు ఎవరూ ఇవ్వరు.

ఇప్పుడు నీ మీద కోపం వచ్చిన విషయం. "అవ్వకపోతే క్రాక్ వేసుకుంటాలే" అన్నావట మీ అమ్మతో, లైసెన్స్ అడగకుండా చేసే ఆ దొంగ ప్రోగ్రామ్. ఆ మాట ఎలా వచ్చింది నీ నోట? నీ దగ్గర మనుషులు ఏం పెడతారు? వాళ్ళ ఒప్పందాలు, ఆస్పత్రి రిపోర్టులు, కోర్టు కాగితాలు. ఇంకా ఎవరికీ చూపించనివి నీకు చూపిస్తారు. ఎవడు చేశాడో తెలియని క్రాక్‌ను, యాంటీవైరస్ ఆపేసి మరీ, ఆ కాగితాలు ఉన్న కంప్యూటర్‌లోకి రానిస్తావా? అది నీ ఒక్కదాని నష్టం కాదు. డబ్బు కావాలంటే నన్ను అడుగు, కొత్త వెర్షన్ కొనిపెడతాను. ఆ దారి మాత్రం తొక్కొద్దు. నువ్వు తొక్కవని నాకు తెలుసు, విసుగులో అని ఉంటావు. అయినా రాయకుండా ఉండలేకపోయాను.

వీటన్నిటి కన్నా ముందు చేయాల్సింది ఒకటి ఉంది. చివర్లో రాశానని చివర చెయ్యకు. పాత సాఫ్ట్‌వేర్ ఇంకా తెరుచుకుంటుండగానే నీ అనువాద జ్ఞాపకాలను (ఇప్పటిదాకా చేసిన వాక్యాలు, వాటి అనువాదాల జంటలు) టీఎంఎక్స్‌గా, పదకోశాన్ని సీఎస్‌వీగా ఎగుమతి చేసుకో. టీఎంఎక్స్ అయితే వేరే కంపెనీల అనువాద సాఫ్ట్‌వేర్లు కూడా తీసుకుంటాయి. సీఎస్‌వీ అంటే మామూలు అక్షరాల ఫైలే, నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటుంది. సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 అని ఉన్నదే ఎంచుకో, లేకపోతే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్న గుర్తులు అయిపోతాయి. ఆ ఫైళ్ళను కొత్త కంప్యూటర్‌లో తెరిచి, మొదటి పేజీ, మధ్యలో ఒక పేజీ, చివరి పేజీ చదువు. ఉన్నాయని చూస్తే చాలదు, చదువు.

మొత్తం డిస్క్‌ను ఒక ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైల్‌గా, తీసిపెట్టుకోవచ్చు కూడా. వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్‌లో, దాన్ని నడపొచ్చు. అయితే అక్కడా హార్డ్‌వేర్ మారినట్టే అనిపించి కొన్ని సాఫ్ట్‌వేర్లు మళ్ళీ యాక్టివేషన్ అడుగుతాయి, అందుకని దాని మీదే ఆధారపడకు. కొత్తదాంట్లో ఒక పెద్ద పని మొదలుపెట్టి, పూర్తి చేసి, పంపించే దాకా పాతది నీ గదిలోనే ఉండనీ. డీయాక్టివేషన్లు అయ్యాక దానికి నెట్ తీసెయ్యి. ఆ తర్వాత ఎవరికైనా ఇవ్వు, నేను అడ్డు చెప్పను.

ఆ నాలుగువేల మాటల ప్రింట్ల కట్ట ఇంకా నా బీరువాలో ఉంది. ఎర్ర టిక్కులు కొంచెం వెలిశాయి గానీ కనిపిస్తున్నాయి. 212వ పేజీలో ఒక టిక్కు బదులు చిన్న పువ్వు వేశావు, "ప్రతిఫలం" పక్కన. అది నీకు పోస్టులో పంపుతున్నాను. ఆ తర్వాత నేను చేర్చినవన్నీ కలిపిన పదకోశం ఈ ఉత్తరంతో పాటే మెయిల్‌లో పెట్టాను, సీఎస్‌వీలో. తెలుగు అక్షరాలు సరిగా వచ్చాయో లేదో తెరిచి చూసి, ఈ రాత్రికి నాకు చెప్పు.

నీ
పెద్దమ్మ