వారానికి పని గంటలు ఇంకా తగ్గించవచ్చా?
తగ్గించవచ్చుననే నా అభిప్రాయం, అయితే అన్ని పనులకూ ఒకే కొలత పెట్టడం కుదరదు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన తొలి ఒప్పందంలో పరిశ్రమలకు వారానికి 48 గంటల పరిమితి పెట్టగా, 1935 నాటి ఒప్పందం 40 గంటల వారాన్ని ఆదర్శంగా నిలిపింది. అంటే ఈ అంకె ఇదివరకూ మారుతూ వచ్చినదే. ఐస్‌లాండ్‌లో 2015–2019 మధ్య జరిగిన ప్రయోగాల్లో సుమారు 2,500 మంది జీతం తగ్గకుండానే 35, 36 గంటలకు మారినప్పుడు, సమావేశాలను కుదించి, అక్కరలేని పనులను వదిలేయడం వల్ల చాలాచోట్ల పని కుంటుపడలేదు. ఆసుపత్రి వార్డులో ఆ వెసులుబాటు తక్కువ: రాత్రి రెండింటికి కూడా రోగి దగ్గర నర్సు ఉండి తీరాలి కనుక, ఆమె గంటలు తగ్గిస్తే ఆ ఖాళీలో మరొకరిని నియమించి, ఆ జీతాన్ని ఎవరో ఒకరు భరించాలి. అవే 40 గంటలను నాలుగు రోజుల్లో కుక్కడాన్ని (కొన్ని సంస్థలు చేసేది ఇదే) తగ్గింపు అనలేము.