పోలీసులు ఆపమన్నా ఆపకుండా పారిపోయేవాళ్లకు శిక్ష పెంచితే ఫలితం ఉంటుందా?

ఉంటుంది. అయితే ఎంత పెంచాలన్నదానికంటే, ఎక్కడ పెంచాలన్నది ముఖ్యం.

మన దేశంలో పోలీసుల నుంచి బండి మీద పారిపోవడం అనేది విడిగా ఒక నేరమే కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 132 ప్రకారం యూనిఫాంలో ఉన్న ఎస్సై, ఆపై అధికారి ఆపమంటే ఆపి తీరాలి. కానీ ఆ సెక్షన్ ఆ బండి వల్ల ప్రమాదం జరిగినప్పటి మాట. మామూలు తనిఖీలో ఆపకుండా పోతే మిగిలేది ఆదేశాన్ని ధిక్కరించినందుకు పెట్టే సెక్షన్ 179. 2019 సవరణ తర్వాత కూడా అందులో జరిమానా 2,000 రూపాయలే.

అదే తాగి దొరికితే సెక్షన్ 185 కింద తొలిసారికే 10,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. పైగా ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిపోతుంది. 100 మిల్లీలీటర్లకు 60 మిల్లీగ్రాములు ఉన్నవాడు రెండు మూడు గంటలు కనపడకుండా తిరిగితే చట్టం పెట్టిన 30 హద్దు లోపలికి వచ్చేస్తాడు. అంటే ఆగినవాడికి పెద్ద శిక్ష, పారిపోయినవాడికి చిన్న శిక్ష. ముందు మూయాల్సిన కంత ఇదే. తనిఖీ తప్పించుకుని పారిపోతే ఆ తనిఖీలో దొరికితే పడే శిక్షకు తగ్గకుండా పడాలి.

ఇక నేరాన్ని మెట్లుగా విడగొట్టాలి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 2010లో ఇందుకోసం విడిగా సెక్షన్ పెట్టింది. పోలీసులు వెంబడిస్తున్నారని, తనను ఆపమంటున్నారని డ్రైవరుకు తెలిసుండాలి లేదా అలా అనుమానించడానికి తగిన కారణం ఉండాలి, అయినా ఆపకపోవాలి, ఆపైన ప్రమాదకరంగా నడపాలి. ఈ మూడూ రుజువైతే మొదటిసారి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు జైలు. మనకూ ఇలాంటి స్పష్టమైన నిర్వచనమే కావాలి.

అది లేకపోవడం వల్ల ఇక్కడ జరిగేది రెండు రకాలు. చలానాతో సరిపెట్టడం ఒకటి, ఏకంగా హత్యాయత్నం పెట్టడం రెండోది. హత్యాయత్నం కేసు కోర్టులో నిలవాలంటే చంపాలన్న ఉద్దేశం గానీ, చావు దాదాపు ఖాయమని తెలిసి చేశాడని గానీ చూపించాలి. కానిస్టేబుల్ మీదికి స్టీరింగ్ తిప్పాడా, పక్కనుంచి తప్పించుకుపోయాడా? టైరు గుర్తులు, బారికేడ్ ఉన్న చోటు, బండి మలుపు తిరిగిన కోణం పంచనామాలో రాయకపోతే రెండోదే జరిగిందని డిఫెన్స్ వాదిస్తుంది, కేసు పోతుంది.

అంతకన్నా ఎక్కువ కేసులు పోయేది డ్రైవర్ ఎవరో తేలక. నంబర్ ప్లేటు యజమానిని చూపిస్తుంది గానీ నడిపినవాణ్ని చూపించదు. సెక్షన్ 133 కింద యజమానికి వెంటనే నోటీసు ఇచ్చి, ఆ సమయానికి బండి ఎవరి చేతిలో ఉందో రాతపూర్వకంగా తీసుకోవాలి. పాత రికార్డింగ్ చెరిగిపోకముందే సీసీ కెమెరా ఫుటేజీ తీసుకుని, ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి. ఆపమన్న అధికారి యూనిఫాంలో ఉన్నాడా, చేత్తో ఆపాడా లైటుతో ఆపాడా, ఎంత దూరం నుంచి అన్నవి మొదటి రిపోర్టులోనే ఉండాలి. డ్రైవరుకు తెలిసే పారిపోయాడని చూపేవి అవే. ఏడేళ్లలోపు శిక్షపడే నేరాల్లో అరెస్టు దానంతట అది జరగదు కాబట్టి, ఈ కాగితాలు సరిగ్గా లేని కేసులో శిక్ష మూడేళ్లని రాసినా ఐదేళ్లని రాసినా తేడా ఉండదు.

జైలుకంటే ముందు కదలాల్సింది లైసెన్సు. ప్రమాదకర డ్రైవింగ్ సెక్షన్ 184 కిందికి వస్తే, సెక్షన్ 206 ప్రకారం పోలీసులు లైసెన్సు స్వాధీనం చేసుకుని అనర్హత లేదా రద్దు చర్య కోసం రవాణా శాఖకు పంపాలి. ఈ అధికారాన్ని ఆపకుండా పారిపోయిన ప్రతి కేసుకూ విస్తరించాలి. బండి మీద బతికేవాడికి ఏడాది లైసెన్సు పోవడం జైలు మాట కన్నా గట్టిగా తగులుతుంది.

ఎక్కువ పెంచితే ఏమవుతుందో కూడా చూశాం. ప్రాణం పోయే ప్రమాదం చేసి పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు జైలన్న భారతీయ న్యాయ సంహిత 106(2) మీద 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగారు. జులై 1న మిగతా సంహిత అమల్లోకి వచ్చినా ఆ ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు.

కొత్త సెక్షన్‌లో ఒక మినహాయింపు తప్పనిసరిగా ఉండాలి. రాత్రిపూట నిర్మానుష్యంగా ఉన్న చోట ఆపమన్నప్పుడు, ఒంటరిగా ఉన్న డ్రైవర్ వేగం తగ్గించి, హజార్డ్ లైట్లు వేసి, దగ్గర్లో వెలుతురున్న పెట్రోలు బంకు దాకా వెళ్లి ఆపితే దాన్ని పారిపోవడంగా లెక్కించకూడదు.