ఇండోనేషియాలోని జావా దీవి వాళ్ల భాషలో మర్యాద స్థాయిలు మన నువ్వు, మీరు లాంటివేనా?

కాదండీ. మనం ‘మీరు’ అన్నాక క్రియ చివర మారుతుంది, భోంచేయడం లాంటి కొన్ని మాటలు తప్ప మిగతావన్నీ అవే. జావా భాషలో మాటకు మాటే మారిపోతుంది. తినడాన్ని స్నేహితుల మధ్య ఙోకోలో మఙాన్ అంటారు, మర్యాదగా మాట్లాడే క్రొమోలో నెఢో అంటారు. తిన్నది పెద్దాయన అయితే క్రొమో ఇంగ్గిల్‌లో ఢహర్ అనాలి. నిద్ర, ఇల్లు, వెళ్లడం, రోజూ వాడే కొన్ని వందల మాటలది ఇదే వరస. పైగా ఆ పెద్ద మాట ఎప్పుడూ ఎదుటివాళ్లకే, మనకి మనం వాడుకోకూడదు. కష్టమంతా అక్కడే ఉంది.

ఉద్యోగం మీద జావాలోని యోగ్యకర్త నగరంలో ఉన్నప్పుడు మా ఇంటి ఓనరావిడ మనవడు కాలేజీలో చదివేవాడు. అమ్మమ్మతో క్రొమోలో మాట్లాడుతూనే, పక్కనున్న తమ్ముణ్ణి ఙోకోలో కసిరేవాడు. నాకు ముచ్చటేసేది. ఓ సాయంత్రం సురకర్త నుంచి బంధువు ఒకాయన వచ్చి ‘తిన్నావా’ అని అడిగారు. కుర్రాడు వినయంగా ‘కులో సంపున్ ఢహర్’ (నేను తిన్నాను) అన్నాడు. తన గురించి కాబట్టి నెఢో అనాలి. అందరూ గొల్లున నవ్వారు. వాడి మొహం ఎర్రబడింది. ఆ తర్వాత ఆయన ఏం అడిగినా దేశ భాష ఇండోనేషియన్‌లోనే జవాబిచ్చాడు. అందులో ఈ స్థాయిల గొడవ లేదు కదా! వాడు లోపలికి వెళ్లాక ఆ పెద్దాయనే ‘ఈ కాలం పిల్లలకి మన భాష రాదు’ అని వాపోయారు. నాకు ఒళ్లు మండింది. మర్యాద చూపించబోయిన పిల్లాణ్ణి నవ్వులపాలు చేసి, మళ్లీ భాష పోతోందని ఏడుపు ఎందుకు? క్రొమోని ఇళ్లల్లోంచి తరిమేస్తోంది పెద్దల వెక్కిరింతే అని నా గట్టి నమ్మకం.

ఈ పద్ధతికి నగిషీలు దిద్దింది జావాని ఏలిన మతరం రాజ్యపు కొలువు. 1755లో గియాంతి ఒప్పందంతో రాజ్యం యోగ్యకర్త, సురకర్తలుగా చీలాక రెండు కొలువులూ దాన్ని సాగించాయి. 1917లో సురబయలో జావా దీపా ఉద్యమం వాళ్లు అందరం ఙోకోలోనే మాట్లాడుకుందాం అన్నారు. వాళ్ల ఆవేశం అర్థమవుతుంది కానీ, నేను ఒప్పుకోను. ఆ కుర్రాడు అమ్మమ్మని పలకరించే తీరు వింటే మీరూ ఒప్పుకోరు. బడిలోనేమో మూడు వరసల పట్టికలు బట్టీ పట్టిస్తారు. మాట్లాడించకుండా పట్టికలిస్తే నోరెలా తిరుగుతుంది?

మీరు అటు వెళ్తుంటే ‘నేను’కి కులో, ‘మీరు’కి పంజెనెఙన్ నేర్చుకోండి, కొత్తవాళ్లతో ఆ రెండూ చాలావరకు గట్టెక్కిస్తాయి. మీ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఢహర్ జోలికి వెళ్లకండి.