యూనియన్‌లో చేరితే పని పోతుందా?

పని – కూలి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు
(జవాబులిస్తున్నవారు కార్మిక శాఖలో ఒంగోలు, కందుకూరు, నెల్లూరు ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన అధికారిణి)

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. నాలుగేళ్ళుగా రొయ్యల ప్లాంటుకు పోతున్నా. తలలు తీసే పని, కిలోకి ఇంతని లెక్క. సరుకు ఎక్కువ వచ్చిన రోజు పొద్దుపోయినా వదలరు. సరుకు తక్కువైన రోజు రెండు గంటలు చేయించుకుని ఇంటికి పొమ్మంటారు. పీఎఫ్ పట్టుకుంటున్నామంటారు గానీ ఒక్క చీటీ కూడా చేతికియ్యలేదు. పోయిన నెల యూనియన్ వాళ్ళు ఊళ్ళోకొచ్చి సభ్యత్వం తీసుకోమన్నారు. మా ఆయన వద్దంటున్నాడు. మా మామ పనిచేసిన మిల్లు యూనియన్ గొడవలతోనే మూతపడిందని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. చేరమంటారా, వద్దంటారా?
– పేరు వద్దు, కావలి మండలం

జవాబు: అమ్మా, ముందు పీఎఫ్ సంగతి తేల్చుకోండి. దానికి మీ ఆయన ఒప్పుకోవాల్సిన పనీ లేదు, యూనియన్ రావాల్సిన పనీ లేదు. ఇంట్లో ఎవరి స్మార్ట్‌ఫోన్‌లోనైనా ఉమంగ్ యాప్ పెట్టి, మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యులకిచ్చే) నంబరుతో పీఎఫ్ పాస్‌బుక్ తెరిపించండి. మీ కూలిలో 12 శాతం పట్టుకుంటే కంపెనీ తన వంతుగా ఇంకో 12 శాతం కట్టాలి. కట్ చేస్తున్నామని చెప్పిన నెలల్లో పాస్‌బుక్ ఖాళీగా ఉంటే, ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి దాచిపెట్టండి. తర్వాత పనికొస్తుంది.

ఇక కిలో లెక్క. కిలో రేటు మీద చేసేవాళ్ళకు కనీస వేతనం వర్తించదని సూపర్‌వైజర్లు ఎంత ధైర్యంగా చెబుతారంటే, ఇన్‌స్పెక్షన్‌కు పోయిన నాకే చెప్పారు. 1948 నాటి కనీస వేతనాల చట్టంలో 17వ సెక్షన్ ఉన్నదే దీనికోసం. ప్రభుత్వం విడిగా పీసు రేటు నిర్ణయించని చోట, కిలో లెక్కన చేయించుకున్నా సరే, రోజుకు నిర్ణయించిన కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వాలి. రెండు గంటలు చేయించుకుని సరుకు లేదని పంపేస్తే, తప్పు మీది కాదు కాబట్టి పూర్తి రోజు కూలి రావాలి. పొద్దుపోయేదాకా ఉంచితే ఓవర్‌టైమ్‌కు రెట్టింపు. ఇంకో మాట. 2025 నవంబరు 21 నుంచి పాత చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు వచ్చాయి. నేను అలవాటు కొద్దీ పాత పేర్లే రాస్తున్నాను. కూలి గురించి ఇప్పుడు చెప్పినవన్నీ కొత్త కోడ్‌లలోనూ ఉన్నాయి.

ఇన్ని చట్టాలుంటే యూనియన్ దేనికని మీ ఆయన అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. ఒక్క మనిషి ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో ఆయనకు చెప్పండి. డిస్మిస్ ఆర్డరు రాదు, నోటీసూ రాదు. తెల్లారి మీ ఊరి స్టాపులో కంపెనీ బస్సు ఆగదు, అంతే. డ్రైవర్ని నిలదీస్తే "మేస్త్రీ నీ పేరు రాయలేదక్కా, నేనేం చేసేది" అంటాడు. పనిలోంచి తీసేశారని చూపించడానికి మీ చేతిలో కాగితం ముక్క ఉండదు.

నేను ప్లాంట్ల లోపల అడిగితే ఆడవాళ్ళు "అంతా బాగుంది మేడం" అనేవాళ్ళు. పక్కనే సూపర్‌వైజరు ఉంటే ఇంకేమంటారు? చేతులు చూపించమంటే మాత్రం చూపించేవాళ్ళు. ఐసులో, క్లోరిన్ నీళ్ళలో నాని పాలిపోయిన వేళ్ళు, ముల్లు గుచ్చుకున్న చోట చీము. అందుకే సాయంత్రం గేటు బయట, బస్సు ఎక్కే చోట నిలబడి మాట్లాడటం మొదలుపెట్టాను. అక్కడ ఒకామె అంది: "మీరు జీపెక్కి పోయినాక మా గతేంది మేడం?" ఇన్‌స్పెక్టరు వచ్చేది ఎప్పుడో ఒకసారి. పక్క టేబులు మీద తలలు తీసేవాళ్ళు రోజూ ఉంటారు. మీ ఒక్కరి పేరు కొట్టేయడం మేస్త్రీకి క్షణం పని. షిఫ్టులో సగం మంది పేర్లు కొట్టేస్తే ఆ రోజు ఐసు కరుగుతుంది, రొయ్య మెత్తబడుతుంది, కంటైనరు ఆగుతుంది. ఈ లెక్క మీకంటే కంపెనీకే బాగా తెలుసు.

మీ ఆయన భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. యూనియన్ పేరుతో కార్మికులు మునిగిపోయిన సందర్భాలున్నాయి. అన్నిటికంటే పెద్దది బొంబాయి బట్టల మిల్లుల సమ్మె. 1982 జనవరి 18న మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది దిగారు. దత్తా సామంత్ నాయకుడు. దాన్ని విరమిస్తున్నామని ఎవరూ అధికారికంగా ప్రకటించనే లేదు. ఏళ్ళు గడిచాయి, మిల్లులు మూతపడ్డాయి, లక్ష మందికి పైగా వీధిన పడ్డారు. ఇది చెప్పి, చూశారా యూనియన్ ఎంత పని చేసిందో అంటారు. కానీ కార్మికులు సామంత్ దగ్గరికి ఎందుకు పోయారో కూడా చెప్పాలి కదా. అక్కడి చట్టం ప్రకారం మాట్లాడే హక్కు గుర్తింపు పొందిన ఒక్క యూనియన్‌కే ఉంది, ఆ యూనియన్ మీద కార్మికులకు నమ్మకం చచ్చిపోయింది. తాము నమ్మిన నాయకుడితో ప్రభుత్వం మాట్లాడదు, మాట్లాడగలిగిన యూనియన్‌ను తాము నమ్మరు. మరోపక్క యజమానులు అప్పటికే బట్టను పవర్‌లూమ్‌లలో నేయించుకుంటున్నారు, కాబట్టి మిల్లు ఆగితే వాళ్ళకు తొందరేమీ లేదు. ఎదుటివాడికి తొందర లేనప్పుడు సమ్మెకు దిగి, దాన్ని ఎలా ముగించాలో తెలియకపోవడం నాయకత్వం తప్పు. ఆ మాట అనడానికి నాకు మొహమాటం లేదు.

మీ పనికి ఇది ఎలా వర్తిస్తుందో చూడండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. ఆర్డర్లు తగ్గాయని ప్లాంట్లు షిఫ్టులు తగ్గించే రోజుల్లో, కిలో రేటు పెంచకపోతే రేపటి నుంచి పని బంద్ అని ఏ యూనియనైనా అంటే దానికి దూరంగా ఉండండి. అదే రోజుల్లో పీఎఫ్ లెక్క చూపించమనో, ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కార్డులు ఇప్పించమనో అడిగే యూనియనైతే దానికి బుర్ర ఉన్నట్టు. ఈఎస్ఐకి మీ కూలి నుంచి పోయేది ముప్పావు శాతం, కంపెనీ కట్టేది మూడుంపావు శాతం. దీనికి అమెరికాతో పనేముంది? ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. కొత్త కోడ్ ప్రకారం ఏ సంస్థలోనైనా 14 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా సమ్మె చేస్తే అది చట్టవిరుద్ధం. సగం మంది ఒకేరోజు సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. "రేపు ఎవరూ బస్సెక్కొద్దు" అని ఫోన్లో చెప్పే నాయకుణ్ణి నోటీసు ఇచ్చారా అని అడగండి.

నా సర్వీసులో నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించింది హోటల్ గది అగ్రిమెంట్లు. కార్మికులు గేటు దగ్గర టెంటు వేసుకుని కూర్చుంటారు, నాయకుడూ మేనేజరూ టౌన్లో హోటల్లో కూర్చుని సంతకాలు చేసుకుంటారు. తెల్లారేసరికి టెంటు తీసేస్తారు. ఏం ఒప్పుకున్నారో టెంటులో కూర్చున్నవాళ్ళకు తెలియదు. ఏ జెండా అని అడక్కండి, నేను చూసినంతలో ఏ ఒక్క రంగుకీ ఆ పేటెంటు లేదు. ఇక్కడ మీకు మా ఆఫీసు రహస్యం ఒకటి చెప్పాలి. ఒప్పందాల్లో రెండు రకాలున్నాయి. యాజమాన్యం, యూనియన్ తమలో తాము రాసుకున్నది సంతకం పెట్టినవాళ్ళకే కట్టుబాటు. లేబర్ ఆఫీసులో, రాజీ అధికారి ముందు కుదిరినదాన్ని మేము "ట్వెల్వ్ త్రీ" అంటాం. పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షను నంబరు అది. అది ఆ ప్లాంటులో ఉన్న అందరికీ వర్తిస్తుంది, యూనియన్‌లో లేనివాళ్ళకూ, రేపు కొత్తగా చేరేవాళ్ళకూ. కాబట్టి మీ ఊరికొచ్చినవాళ్ళను ఇంతకుముందు ఎక్కడైనా ట్వెల్వ్ త్రీ చేసుకున్నారా, ఆ కాగితం చూపించండి అని అడగండి. చందాకు రసీదు ఇస్తారా అని అడగండి. కమిటీలో మీ షెడ్డు ఆడవాళ్ళు ఎంతమంది ఉంటారో అడగండి. సభ్యులు యూనియన్ లెక్కల పుస్తకం చూడొచ్చని 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టంలోనే ఉంది. ఈ ప్రశ్నలకు విసుక్కుంటే మీ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. ఓపిగ్గా చెబితే చేరండి, అయితే ఒక్కరే చేరొద్దు. మీ బస్సులో వచ్చేవాళ్ళు కనీసం పదిమంది కలిసి చేరండి.

యూనియన్ అస్సలు లేని చోటు ఎలా ఉంటుందో చూడాలంటే చీమకుర్తి పోయి రండి. గెలాక్సీ గ్రానైటు ప్రపంచమంతా పోతుంది, తవ్వేవాళ్ళలో చాలామంది ఒడిశా నుంచో బీహార్ నుంచో కాంట్రాక్టరు వెంట వచ్చినవాళ్ళు. రాయి జారో, క్రేన్ తాడు తెగో మనిషి పోతే, రాత్రికి రాత్రి బంధువుల చేతిలో రెండు మూడు లక్షలు పెట్టి అంబులెన్సు ఎక్కించి పంపిన సంగతులు నా దాకా వచ్చాయి. చట్టం లెక్క చూడండి. 1923 నాటి పరిహార చట్టం ప్రకారం చనిపోయినవాడి వయసు 30, జీతం లెక్క 15,000 అనుకుంటే అందులో సగం 7,500. దాన్ని ఆ వయసుకు పెట్టిన 207.98తో గుణించాలి. 15,59,850 రూపాయలు. పైగా మరణ పరిహారాన్ని యజమాని నేరుగా ఇస్తే చెల్లదు, కార్మిక శాఖలో పరిహారం కేసులు చూసే కమిషనర్ దగ్గర జమ చేయాలి. భాష రాని ఊళ్ళో, శవం పక్కన కూర్చున్నవాడికి ఇది ఎవరు చెబుతారు? నేను పనిచేసిన రోజుల్లో ఇలాంటి కేసుల్లో మా ఆఫీసు మెట్లెక్కి దరఖాస్తు ఇచ్చినవాడు చాలాసార్లు ఏదో ఒక యూనియన్ మనిషే. అతని చొక్కా జేబులో పార్టీ కార్డు ఉంటే ఉండనీ.

ప్రశ్న: నాది హోల్‌సేల్ వ్యాపారం. లారీ వస్తే ముఠావాళ్ళే (బస్తాలు మోసే హమాలీల జట్టు) దించాలంటారు. మా షాపు కుర్రాళ్ళు నాలుగు బస్తాలు దించుకున్నా ముఠాకు కూలి కట్టమంటున్నారు. యూనియన్లు కార్మికుల కోసమా, దందా కోసమా?
– ఒక వ్యాపారి, స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు

జవాబు: చేయని పనికి కూలి అడగడం తప్పు. కేరళలో ఇది ఎంత ముదిరిందంటే దానికి నోక్కుకూలి అని పేరే పడింది. చివరికి అక్కడి వామపక్ష ప్రభుత్వమే 2018 మే 1 నుంచి దాన్ని నిషేధించింది. కార్మిక దినం నాడే! మీరు బెదిరింపుకు లొంగి కట్టనక్కర్లేదు. కట్టేముందు మీ మర్చంట్స్ సంఘం ముఠాతో చేసుకున్న రేట్ల అగ్రిమెంటు తీసి చదవండి. లారీ దిగుమతి అంతా ముఠాదే అని మీవాళ్ళే సంతకం పెట్టి ఉంటే గొడవ పడాల్సింది మీ సంఘంతో.

ముఠావాళ్ళు అంత గట్టిగా ఎందుకు పట్టుబడతారో మీకు తెలియనిది కాదు. వాళ్ళకు యజమాని లేడు. అందరి బస్తాలూ మోస్తారు, నడుం పడిపోతే ఎవరి మనిషీ కారు. ఆ వీధి మీద హక్కు ఒక్కటే వాళ్ళ పీఎఫ్. మహారాష్ట్రలో 1969లో మాథాడి చట్టం తెచ్చి, హమాలీలను బోర్డులో నమోదు చేసి, వ్యాపారుల నుంచి లెవీ వసూలు చేసి పీఎఫ్, బోనస్ ఇస్తున్నారు. మన దగ్గరా 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల చట్టం వచ్చింది. దాన్ని గట్టిగా నడిపించమని మీ సంఘమూ వాళ్ళ సంఘమూ కలిసి ఎప్పుడైనా అడిగాయా?

మీరు అడగని బాధితుడు ఇంకొకడున్నాడు. ముఠాలో చోటు తండ్రి నుంచి కొడుక్కు పోతుంది, కొన్నిచోట్ల డబ్బుకు చేతులు మారుతుంది. మోయగలిగిన బలం ఉండి, చోటు కొనే డబ్బు లేని కుర్రాడు బయటే నిలబడతాడు. యూనియన్ కార్మికుడికి చెడు చేస్తుందా అంటే, ఇక్కడ చేస్తుంది. మీ నాలుగు బస్తాల కూలి కంటే నాకు ఇదే పెద్ద విషయం.

ప్రశ్న: ఒంగోలులో ఫుడ్ డెలివరీ చేస్తున్నా. మేం యూనియన్ పెట్టుకుంటే కేసు పెడతారా? ఐడీ బ్లాక్ చేస్తారని టెన్షన్‌గా ఉంది.

జవాబు: నాయనా, కేసు పెట్టే కాలం పోయింది. 1918లో మద్రాసులో బిన్నీ మిల్లుల కార్మికులకు మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టారు. కంపెనీ హైకోర్టుకెక్కి నాయకుల మీద ఆర్డరు తెచ్చుకుంది, నష్టపరిహారం కూడా అడిగింది. అప్పుడు మన నెల్లూరు కూడా మద్రాసు రాష్ట్రంలోదే. ఆ కేసు రేపిన గొడవలోంచే 1926 చట్టం వచ్చింది. ఇప్పుడు సంఘం పెట్టుకోవడం రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన హక్కు.

నీ చిక్కు వేరే. కంపెనీ నిన్ను కార్మికుడనదు, పార్ట్‌నర్ అంటుంది. అందుకే ఐడీ బ్లాక్ చేస్తే మా పాత ఆఫీసులో నీ ఫిర్యాదు ఏ ఫైల్లో పెట్టాలో వాళ్ళకే అర్థం కాదు. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో మీలాంటివాళ్ళ కోసం చట్టాలు చేశాయి. కేంద్రం సామాజిక భద్రత కోడ్‌లో కంపెనీల టర్నోవరులో 1 నుంచి 2 శాతం మీ సంక్షేమానికి కట్టాలని ఉంది. అది నీ దాకా రావాలంటే ముందు అసంఘటిత కార్మికుల నమోదుకు కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో నీ పేరుండాలి. ఈ వారమే నమోదు చేసుకో. వారం వారం సంపాదన చూపించే పేజీని, ఇన్సెంటివ్ మార్చినప్పుడు వచ్చే మెసేజీని స్క్రీన్‌షాట్ తీసి వేరే మెయిల్‌కు పంపుకో, ఐడీ పోతే యాప్‌లో ఏదీ కనపడదు. నీతో తిరిగే మిగతా కుర్రాళ్ళతో కూడా ఇదే చేయించు. యూనియన్ పేరు, జెండా తర్వాత చూసుకోవచ్చు.