క్యాన్సర్ లెక్కలు తేల్చే ఉద్యోగం ఉందా?

ప్రశ్న: బీఎస్సీ స్టాటిస్టిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. క్యాన్సర్ మరణాలు పెరుగుతున్నాయని ఒకచోట, మరణాల రేటు తగ్గుతోందని ఇంకోచోట చదివాను. రెండూ నిజమేనట. ఇలాంటివి తేల్చే పని చేయాలనుంది. డాక్టర్ చదవకపోయినా కుదురుతుందా? ఇంట్లో మాత్రం సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లమంటున్నారు.

జవాబు: కుదురుతుంది. జబ్బులు జనంలో ఎవరికి, ఎంతగా వస్తాయో చూసేది ఎపిడెమియాలజీ; ఆరోగ్య లెక్కలకు వాడే స్టాటిస్టిక్స్ బయోస్టాటిస్టిక్స్. స్టాటిస్టిక్స్ డిగ్రీతో ఈ పీజీ చదువుల వైపు నేరుగా వెళ్లొచ్చు.

ముందు మీ సందేహం సంగతి. జనాభా పెరిగి, అందులో పెద్దవయసు వాళ్లు ఎక్కువైతే మరణాల సంఖ్య పెరగక తప్పదు. ఆ వయసుల తేడాను సరిచేసి చూస్తే అమెరికాలో క్యాన్సర్ మరణాల రేటు 1991 నుంచి దాదాపు మూడో వంతు తగ్గింది. అయితే అసలు మజా తరాల లెక్క దగ్గరుంది.

ఒక కాగితం మీద పట్టిక గీయండి. పై నుంచి కిందికి వయసులు, ఎడమ నుంచి కుడికి సంవత్సరాలు. 1970లో 40 ఏళ్లు, 1980లో 50, 1990లో 60: ఈ మూడు గడులనూ ఐమూలగా కలపండి. అందులో ఉన్నది ఒకే తరం, 1930లో పుట్టినవాళ్లు. వేడ్ హాంప్టన్ ఫ్రాస్ట్ అనే ఎపిడెమియాలజిస్టు టీబీ లెక్కలను ఇలాగే చదివాడు. ఆ పేపర్ ఆయన పోయాక 1939లో అచ్చయింది. ఆ లెక్కల్లో 1930లో జరిగిన మరణాలు మాత్రమే చూస్తే టీబీతో పోయేది ఎక్కువగా ముసలివాళ్లే అనిపిస్తుంది. ఐమూలగా చూస్తే, అదే తరం పడుచు వయసులో ఇంకా ఎక్కువగా పోయింది. ముసలితనంలో కనిపించింది ఆ మిగులే.

క్యాన్సర్‌లోనూ అంతే. సిగరెట్ బాగా అలవాటైన తరం వెంటే, ఆ అలవాటుకు కొన్ని దశాబ్దాలు వెనకగా, ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు నడిచాయి. అమెరికాలో ఆడవాళ్లకు సిగరెట్ ఆలస్యంగా అలవాటైంది, వాళ్ల మరణాల శిఖరమూ మగవాళ్ల తర్వాతే వచ్చింది. కడుపు క్యాన్సర్ మాత్రం చాలా దేశాల్లో తరం తరానికీ తగ్గుతూ వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్‌ది ఇంకో కథ. అమెరికాలో 1950 ప్రాంతంలో పుట్టినవాళ్లతో పోలిస్తే 1990 ప్రాంతంలో పుట్టినవాళ్లకు, అదే వయసులో, ముప్పు సుమారు రెండింతలు. ఇది జబ్బు బయటపడే రేటు, మరణాల రేటు కాదు. రెండూ కలిపేశారంటే ఇంటర్వ్యూలో మొదట అక్కడే దొరికిపోతారు.

మీలాంటి వాళ్లకు నచ్చే చిక్కు ఒకటుంది. వయసు, సంవత్సరం తెలిస్తే పుట్టిన ఏడాది దానంతట అదే వచ్చేస్తుంది కదా. మూడింటినీ రిగ్రెషన్‌లో పెట్టి చూడండి, మ్యాట్రిక్స్‌కు ఇన్వర్స్ దొరకదు, అంటే మూడింటి ప్రభావాన్నీ విడదీయలేం. వయసు, సంవత్సరం, పుట్టిన తరం మూడింటినీ కలిపి చూసే ఏజ్-పీరియడ్-కోహార్ట్ మోడల్ మీద దశాబ్దాలుగా తగువులన్నీ దీని గురించే. ఇది చదివి చిరాకు కాకుండా కుతూహలం కలిగితే ఈ దారి మీకు సరిపోతుంది.

డిగ్రీ తర్వాత బయోస్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ, లేదా ఎపిడెమియాలజీ ముఖ్యంగా ఉండే ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ). మరణాల వంటి సంఖ్యలకు వాడే పాయ్‌సాన్ (Poisson) రిగ్రెషన్, ఎంతకాలం బతికారో లెక్కించే సర్వైవల్ అనాలిసిస్ గట్టిగా నేర్చుకోండి. స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్లలో ఆర్ (R) ఇప్పుడే మొదలుపెట్టండి, శాస్ (SAS) తర్వాత చూడొచ్చు. ఉద్యోగాలు క్యాన్సర్ కేసులను నమోదు చేసే రిజిస్ట్రీల్లో, ఆరోగ్య పరిశోధన సంస్థల్లో, మందుల కంపెనీల క్లినికల్ ట్రయల్స్‌లో ఉంటాయి. రిజిస్ట్రీ పని బయటికి అనిపించినంత గొప్పగా ఉండదని ముందే చెబుతున్నా. మరణానికి కారణం అన్నచోట ‘గుండె ఆగింది’ అని రాసి ఉంటుంది. ఎవరికైనా చివరికి ఆగేది గుండే! దాని వెనక ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉందని పాత రికార్డుల్లో పట్టుకుని, ఆ క్యాన్సర్‌కు అంతర్జాతీయ జబ్బుల జాబితాలో ఉన్న సీ34 (C34) అనే కోడ్ వేసేదాకా మీ గ్రాఫ్‌కు విలువ లేదు.

ఇంట్లో వాళ్లకు ఈ మాట చెప్పండి: మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే ఉండొచ్చు, కానీ నేర్చుకునే కోడింగ్, స్టాటిస్టిక్స్ డేటా సైన్స్‌లోనూ పనికొస్తాయి. వెనక్కి రావడానికి తలుపు తెరిచే ఉంటుంది. ఈ సెలవుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మరణాల డేటాబేస్ నుంచి ఒక దేశం, ఒక క్యాన్సర్ తీసుకుని ఆ పట్టిక మీరే నింపండి. ఉచితంగానే దొరుకుతుంది. నాలుగు రోజులయ్యాక కూడా ఆ గడులు వదలబుద్ధి కాకపోతే ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టండి.