విమర్శనాత్మక దృష్టితో వారసత్వాన్ని చదవడమంటే తప్పులు వెతకడమా?

పాత కట్టడాలు, స్థలాల వంటి చారిత్రక వారసత్వాన్ని విమర్శనాత్మకంగా చదివే ఈ పద్ధతిని ఎం.ఏ. పరిశోధన వ్యాసానికి తీసుకుంటే పురావస్తు శాఖను తప్పుపట్టాల్సి వస్తుందా, పని ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. తప్పుపట్టనక్కర్లేదు. ఏది వారసత్వమో ఎవరు తేల్చారు, తేల్చేటప్పుడు ఎవరిని అడగలేదు అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

నేను పనిచేసింది నాగార్జునకొండ మీద. సాగర్ ఆనకట్ట వస్తుందని తెలిశాక ఆ లోయలో 1954 నుంచి 1960 వరకు పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురితో పాటు రాతియుగపు ఆనవాళ్లూ బయటపడ్డాయి. ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండ మీద, దగ్గర్లోని అనుపులో మళ్లీ నిలబెట్టారు. ముంపు తరుముకొస్తుంటే అంత పని చేసినవాళ్లంటే నాకెంతో గౌరవం.

ఆ నీళ్లలోనే ఊళ్లూ మునిగాయి. నిర్వాసితుల కాలనీలో ఒక పెద్దావిడను పాత ఊరి గురించి చెప్పమని అడిగాను. వాకిట్లో మట్టి మీద వేలితో గీసి చూపించింది. ఇది రచ్చబండ, ఇక్కడ పోలేరమ్మ, నడిమధ్యన బొడ్డురాయి. గీత ఆపి, "స్తూపాల రాళ్లన్నీ పైకి తెచ్చారు కదా నాయనా, మా బొడ్డురాయి ఎవరికీ కనపడలేదా?" అంది.

నా వ్యాసమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆ రాయి మీద శాసనం లేదు, శిల్పం లేదు, రాజు పేరు లేదు. తవ్వకాలు సాగుతుండగానే ప్రాచీన కట్టడాల రక్షణకు వచ్చిన 1958 చట్టం ప్రకారం ప్రాచీన కట్టడమంటే నూరేళ్లు దాటాలి, చారిత్రకంగానో పురావస్తుపరంగానో కళాపరంగానో విశేషం ఉండాలి. ఊరి పెళ్లి ఊరేగింపులు, జాతరలు ఆ రాయి చుట్టూ తిరిగాయన్న సంగతికి ఆ కొలమానంలో చోటు దొరకదు. నాకు ఇది చిన్న లోటుగా అనిపించదు.

మీరు ఏ స్థలం ఎంచుకున్నా తవ్వకాల నివేదికను, భూసేకరణ దస్త్రాలను పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒకే నేలను ఒకటి చరిత్రగా, మరొకటి ఎకరాల్లో రాస్తుంది. పాత ఫోటోల్లో మట్టి తట్టలు మోస్తున్న కూలీలెవరో వాకబు చేయండి. సిద్ధాంతాల పుస్తకాలు ఆ తర్వాతే. ముందే చదివి వెళ్లినవాళ్లు తమకు కావలసిన జవాబులే ఏరుకొస్తారు. పాత సర్వే పటం ఒకటి వెంట ఉంచుకోండి, పెద్దవాళ్లకు చూపించడానికి పనికొస్తుంది. లోయను చూసిన తరానికి ఇప్పుడు ఎనభై దాటుతున్నాయి. మీదీ ముంపు ప్రాంతమే అయితే వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.